నాన్నగారి నడుము కొలత, నాయనమ్మగారి బరువు

మీరు నాన్నగారి గురించి అడిగారు. 51 ఏళ్లు, 5 అడుగుల 6 అంగుళాల ఎత్తు, 81 కేజీలు, కిరాణా షాపు, పరగడుపు షుగర్ 112. "మా నాన్న కూడా ఇలాగే లావుగా ఉండి 84 ఏళ్లు బతికాడు, బరువుకీ ఆయుష్షుకీ సంబంధం ఏమిటి" అంటున్నారని రాశారు. దానికి వివరంగానే చెప్తాను. కానీ అంతకంటే ముందు మాట్లాడాల్సింది మీరు చివర్లో ఒక్క లైన్లో రాసి వదిలేసిన విషయం. 76 ఏళ్ల నాయనమ్మగారు ఎనిమిది నెలల్లో 58 కేజీల నుంచి 51కి వచ్చారు, ఇంట్లో అందరూ "మంచిదేగా, మోకాళ్ల మీద భారం తగ్గింది" అనుకుంటున్నారు.

దయచేసి అలా అనుకోకండి. తిండి తగ్గించుకోకుండా, ప్రయత్నం ఏమీ లేకుండా ఆరు నెలలు, ఏడాది లోపల బరువులో 5 శాతం పోయిందంటేనే మేం కారణం వెతుకుతాం. ఆవిడకి 12 శాతం పోయింది. కారణం చిన్నదే కావచ్చు. పళ్లు కదిలి నమల్లేకపోవడం, కట్టుడు పళ్లు వదులైపోవడం, తాతగారు పోయాక దిగులుతో సరిగ్గా తినకపోవడం, కొత్తగా వాడుతున్న మాత్ర ఆకలి చంపేయడం, ఇవన్నీ నేను రోజూ చూసేవే. పెద్ద కారణమూ కావచ్చు: బయటపడని షుగర్, థైరాయిడ్, టీబీ, క్యాన్సర్. ఈ వారంలోనే ఎవరైనా ఫిజీషియన్‌కి చూపించండి. వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. రక్త పరీక్ష, షుగర్, థైరాయిడ్, ఛాతీ ఎక్స్‌రేతో మొదలుపెడతారు. ఆ వయసులో తగ్గే బరువులో కండ చాలా ఉంటుంది. కండ పోతే కాళ్లలో పట్టు పోతుంది, పడిపోతారు, తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత మంచం. ఆరోగ్యకరమైన బరువు అనగానే మనకి తగ్గడమే గుర్తొస్తుంది గానీ డెబ్బై దాటినవాళ్లకి ఉన్న బరువు, ఉన్న కండ నిలబెట్టుకోవడమే చాలాసార్లు ఆరోగ్యం.

ఇక నాన్నగారు. నేను గోదావరి జిల్లాలో ఒక చిన్న టౌన్లో 24 ఏళ్లుగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. "మా నాన్న లావుగానే ఉండేవాడు" అనే మాట వారానికి ఒక్కరైనా అంటారు, ఆ మాటలో నిజం లేదని నేను అనను. కాకపోతే అలా అన్నవాళ్లని ఒకటే అడుగుతాను: ఆయనకి పొట్ట ఏ వయసులో వచ్చింది? మీరూ నాయనమ్మగారిని అడిగి చూడండి. చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఏమిటంటే, పొలం పనులు మానేశాక, అరవై దాటాక కాస్త ఒళ్లు వచ్చింది అని. అంటే ఆయన ఒంటి మీద ఆ కొవ్వు ఇరవై ఏళ్లు ఉంది, అది కూడా అంతకుముందు నలభై ఏళ్లు చెమటోడ్చిన శరీరం మీద. మీ నాన్నగారికి 35కే పొట్ట వచ్చి ఉంటే, ఆయన కూడా 84 దాకా ఉంటే, అది యాభై ఏళ్ల మోత. ఇంకో సంగతి, 84 దాకా బతికిన తాతగారు ఫొటోలో కనిపిస్తారు, గుర్తుంటారు, కానీ అదే ఊళ్లో 54కి, 58కి గుండెపోటుతో పోయిన లావుపాటివాళ్లని ఉదాహరణగా ఎవరూ చెప్పరు. ఒక ఇంటిని చూసి తేల్చే విషయం కాదు కాబట్టి లక్షల మందిని చూసిన లెక్కలు కావాలి.

ఆ లెక్కలు ఉన్నాయి. 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 57 అధ్యయనాలని కలిపి, దాదాపు 9 లక్షల మందిని చూసి రాశారు. ఎక్కువమంది యూరప్, ఉత్తర అమెరికా వాళ్లు. మరణాలు అతి తక్కువగా ఉన్నది బీఎంఐ (కేజీల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 22.5 నుంచి 25 మధ్య. అక్కడి నుంచి ప్రతి 5 పాయింట్లకీ మరణాల రేటు సుమారు 30 శాతం పెరిగింది. 30 నుంచి 35 మధ్య ఉన్నవాళ్లకి ఆయుష్షు రెండు నుంచి నాలుగేళ్లు, 40 దాటినవాళ్లకి ఎనిమిది నుంచి పదేళ్లు తగ్గింది. ఆ చివరిది జీవితాంతం సిగరెట్ తాగడం వల్ల పోయే ఆయుష్షుతో సమానం. 22.5 కంటే తక్కువున్నవాళ్లలోనూ మరణాలు ఎక్కువే, వాటిలో చాలా భాగం పొగతాగడంతో ముడిపడిన జబ్బుల వల్ల. కాబట్టి ఎంత సన్నగా ఉంటే అంత మంచిది అన్నది కూడా తప్పే.

నాన్నగారి బీఎంఐ 28.8 వస్తుంది. పైన చెప్పిన లెక్క చూసి "30 లోపేగా" అనుకోవద్దు, ఎందుకంటే మన ఒంటి తీరు వేరు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 2004లో ఇద్దరు డాక్టర్లు, పుణెలోని యాజ్నిక్, లండన్‌లోని యుడ్‌కిన్, పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో లాన్సెట్‌లోనే వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్నిక్‌కి 21.2 శాతం. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉంటారు! మనకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వు కూడా పొట్టలోనే చేరుతుంది. అందుకే మన దేశంలో 2009లోనే గీత కిందికి దించి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని పెట్టుకున్నాం. నడుము మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు.

నా దృష్టిలో బరువు మిషన్ మీద కనిపించే అంకె కంటే ఈ నడుము కొలతే ముఖ్యం. అది కొలవడంలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. మొన్న ఒకాయన వచ్చారు, 53 ఏళ్లు, "నాకు పొట్ట లేదండీ, ఇరవై ఏళ్ల నుంచి 34 సైజు ప్యాంటే" అన్నారు. అబద్ధం కాదు, ప్యాంటు 34దే. కానీ పొట్ట ముందుకి వచ్చేకొద్దీ ప్యాంటు దాని కిందికి జారుతూ జారుతూ తుంటి ఎముకల దగ్గర ఆగింది. చొక్కా పైకెత్తించి, అట్టడుగు పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదలమని చూస్తే 102 సెంటీమీటర్లు, అంటే 40 అంగుళాలు. ఆయన టేపు తన చేతిలోకి తీసుకుని మళ్లీ కొలుచుకున్నారు, మళ్లీ అంతే. మాట్లాడలేదు కాసేపు. నేను ఏడాది నుంచి చెప్తున్న మాటలు చేయని పని ఆ టైలర్ టేపు చేసింది.

పొట్టలో కొవ్వు ఎందుకంత చెడ్డదంటే, చర్మం కింద ఉండే కొవ్వులా అది ఓ మూల నిల్వ ఉండిపోదు. పేగుల చుట్టూ చేరిన కొవ్వు నుంచి వచ్చేది నేరుగా కాలేయానికి వెళ్తుంది. కాలేయానికి కొవ్వు పడుతుంది, స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని రాసేది అదే. అప్పుడు షుగర్‌ని అదుపులో ఉంచే ఇన్సులిన్ ఉన్నా పనిచేయదు, దాన్ని గెలవడానికి క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేస్తూ అలిసిపోతుంది. అప్పుడు షుగర్. అదే సమయంలో రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరుగుతాయి, బీపీ పెరుగుతుంది, రక్తనాళాల లోపలి గోడలు పాడవుతాయి. రాత్రి గొంతు దగ్గర కొవ్వు వల్ల ఊపిరి ఆగి ఆగి వస్తుంటే గుండె మీద ఇంకో దెబ్బ. నాన్నగారు గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తారా అని అమ్మగారిని అడగండి, ఆయనకి అది తెలియదు. అధిక బరువుతో సంబంధం ఉందని తేలిన క్యాన్సర్లే 13 రకాలు. ఆయుష్షు తగ్గడం అంటే ఇన్ని దారుల్లో తగ్గడం.

అందుకే నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీద: ఎంత తగ్గారు అనేదాని కంటే పెరగడం ఎప్పుడు ఆపారు అన్నది ముఖ్యం. ఎవరూ ఒక్కసారిగా 20 కేజీలు పెరగరు. ఏడాదికి అరకేజీ, కేజీ, అంతే, కనపడను కూడా కనపడదు. నేను పేషెంట్లని "పెళ్లినాటికి మీ బరువెంత" అని అడుగుతాను, ఎందుకంటే ఆ అంకె మనవాళ్లకి బాగా గుర్తుంటుంది. అమెరికాలో నర్సుల్నీ, ఆరోగ్య రంగంలో పనిచేసే మగవాళ్లనీ దశాబ్దాలపాటు గమనించి 2017లో వేసిన లెక్కలో, ఇరవై ఏళ్ల వయసు నుంచి 55 దాకా పెరిగిన ప్రతి 5 కేజీలకీ షుగర్ వచ్చే ప్రమాదం సుమారు 30 శాతం పెరిగింది, బీపీ, గుండెజబ్బులు కూడా పెరిగాయి. నాన్నగారి పెళ్లినాటి బరువు 62 అనుకుందాం, 19 కేజీలు ఎక్కువ. ఇప్పుడు ఆపకపోతే 60 ఏళ్లకి 88.

ఆలస్యమైతే ఏమవుతుందో కూడా చూశారు. అమెరికాలోనే అప్పటికే షుగర్ ఉన్న అధిక బరువువాళ్లని 5 వేల మందికి పైగా తీసుకుని, వాళ్లలో సగం మందికి గట్టి శిక్షణ ఇచ్చి బరువు తగ్గించారు. షుగర్ అదుపులోకి వచ్చింది, నిద్ర, మోకాళ్లు, కదలిక బాగుపడ్డాయి, కానీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదని 2012లో ఆపేశారు. దానికి పక్కన చైనాలోని డాచింగ్ ఊరి సంగతి పెట్టి చూడండి. 1986లో, ఇంకా షుగర్ రాని, మీ నాన్నగారిలా అంచున ఉన్న 577 మందిని తీసుకుని కొందరికి ఆరేళ్లపాటు తిండి, వ్యాయామం మార్పించారు. ముప్పై ఏళ్ల తర్వాత లెక్క చూస్తే మార్చుకున్నవాళ్లకి షుగర్ దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, సగటు ఆయుష్షు 1.44 ఏళ్లు పెరిగింది. ఏడాదిన్నర కూడా లేదే అనిపిస్తుంది మీకు. అది అందరి మీదా సగటు. ఆ పెరిగిన కాలం కంటే నాకు పెద్దదిగా కనిపించేది ఆ నాలుగేళ్లు: కంటి చూపు, కిడ్నీ, కాళ్లు బాగున్న నాలుగేళ్లు. నాన్నగారు సరిగ్గా ఆ అంచున ఉన్నారు. 112 అంటే ప్రీడయాబెటిస్, 126 వస్తే షుగర్. ఇది ఆయన చేతిలో ఉన్న టైమ్.

ఎంత తగ్గాలి? 62కి వెళ్లాల్సిన పని లేదు. షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద చేసిన అమెరికా అధ్యయనంలో, 2002లో వచ్చింది, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక అని లక్ష్యం పెడితే మూడేళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే. నాన్నగారికి 7 శాతం అంటే ఐదున్నర, ఆరు కేజీలు. 75కి రావాలి, ఏడాదిలో వస్తే చాలు. మోకాళ్లు నొప్పులంటే అక్కడా లాభమే, ఒంటి మీద ఒక కేజీ తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కేజీల భారం తగ్గుతుంది. ఒకవేళ బరువు మొరాయించినా మానొద్దు. చెన్నైలో జరిగిన ఇలాంటి అధ్యయనంలో, ఫలితాలు 2006లో వచ్చాయి, మనవాళ్లకి బరువు పెద్దగా తగ్గకుండానే షుగర్ ముప్పు 28 శాతం తగ్గింది. మిషన్ కదల్లేదని మూడో వారంలో నిరాశపడి వదిలేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, లోపల మార్పు మొదలైపోయి ఉంటుంది అప్పటికే.

ఇంట్లో ఏం మార్చాలి అంటే నేను మొదట నూనె దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అది ఒక్క మనిషిని పస్తు పెట్టినట్టు ఉండదు, ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. కొత్త ప్యాకెట్ కత్తిరించిన రోజు తేదీ దాని మీద పెన్నుతో రాయమని అమ్మగారికి చెప్పండి. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్లు అయిపోతున్నాయనుకోండి, మనిషికి రోజుకి 38 గ్రాములు పడింది, అంటే సుమారు 340 క్యాలరీలు నూనె రూపంలోనే. మూడు లీటర్లకి తెస్తే మనిషికి రోజుకి 140 క్యాలరీల దాకా తగ్గుతాయి. దొండకాయ వేపుడుకి ముందు మూతపెట్టి ఆవిరి మీద మగ్గనిచ్చి చివర్లో రెండు చెంచాల నూనెతో వేయించమనండి, రుచి పోదు, మా ఇంట్లో పదేళ్లుగా అంతే. గానుగ నూనె కాబట్టి ఎంతైనా పర్లేదు అంటారు కొందరు. గానుగదైనా, రిఫైన్డ్ అయినా, నెయ్యి అయినా గ్రాముకి దాదాపు 9 క్యాలరీలే.

తర్వాత అన్నం. అన్నం మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను, మానినవాళ్లు నెలకి మించి ఉండలేరు. మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెప్పింది. మన కంచం చూడండి, అన్నం కొండ, పక్కన చెంచాడు కూర, పప్పు కలుపుకోవడానికి సరిపడా. దాన్ని తిరగేయాలి. ముందు కూర, పప్పు, ఒక గుడ్డో చేప ముక్కో, పెరుగో కంచంలో పెట్టి, మిగిలిన చోట్లో అన్నం. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 క్యాలరీలు. ఒకసారి ఆయన మామూలుగా తినేంత అన్నం షాపులో ఉన్న త్రాసు మీదే తూచి చూడమనండి, కిరాణా కొట్టు కదా, అంతకంటే మంచి త్రాసు ఎవరింట్లో ఉంటుంది! 400 గ్రాములు ఉంటే 300కి తేవాలి, వచ్చే నెల ఇంకాస్త. రాత్రి అన్నం మానేసి నూనె రాసిన నాలుగు చపాతీలు తింటే లాభం లేదు, కొర్రలు, అండుకొర్రలు మంచివే గానీ వాటిని అన్నమంత కొండగా తింటే బరువు తగ్గదు.

టీ సంగతి మర్చిపోవద్దు. షాపులో కూర్చుంటే వచ్చిన ప్రతివాళ్లతోనూ ఒక టీ. రోజుకి ఐదు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార అంటే 40, 50 గ్రాములు, దగ్గర దగ్గర 200 క్యాలరీలు, ఆకలి తీరదు, కడుపు నిండదు. రెండు టీలకి వచ్చి పంచదార వారం వారం అర చెంచా తగ్గించుకుంటూ పోతే నాలుక అలవాటు పడుతుంది. సాయంత్రం ఆరింటికి బజ్జీలు, పునుగులు తెప్పించుకోవడం ఆకలి వల్లే, అందుకే ఆ టైముకి ఇంటి నుంచి ఉడికించిన శనగలో, వేరుశనగలు గుప్పెడో పంపండి. షాపు కట్టేసి రాత్రి పదిన్నరకి భారీగా తిని పదకొండుకి పడుకోవడం నా దగ్గరికొచ్చే షాపులవాళ్లందరిలో ఉన్న అలవాటు. ఎనిమిదింటికి క్యారేజీ షాపుకే పంపగలిగితే సగం సమస్య తీరుతుంది.

నడక రోజూ అరగంట, వారానికి ఐదు రోజులు, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో. పొద్దున కుదరకపోతే మూడు పది నిమిషాలుగా చేసినా లెక్కే. దాంతోపాటు కండ కోసం వారానికి రెండు రోజులు ఏదైనా బరువు పని: కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిహేనుసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి తోయడం. బస్తాలు ఎత్తుతున్నాగా అంటారు, రోజూ ఎత్తుతుంటే మంచిదే, కుర్రాడితో ఎత్తిస్తూ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే అది లెక్కలోకి రాదు. ఛాతీలో బిగుతు, నడిస్తే ఆయాసం ఉంటే మాత్రం ముందు ఈసీజీ తీయించి డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టండి.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు నాన్నగారికి చెప్తారు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. మంచి మందులే. వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్, గుండెజబ్బు ఉన్న అధిక బరువువాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి చూస్తే 20 శాతం తగ్గించిందని 2023లో తేలింది. కానీ ఆపితే తగ్గిన బరువులో మూడింట రెండొంతులు ఏడాదిలో తిరిగొచ్చింది. నాన్నగారి స్థితిలో నేనైతే ఆరు నెలలు పైన చెప్పినవి చేయించి చూసి, అప్పటికీ నడుము కదలకపోతే ఆలోచిస్తాను. మెడికల్ షాపులో అడిగి సొంతంగా మాత్రం వేయించొద్దు. నెలకి పది కేజీలు అని ఆశ చూపే పొడులు, కషాయాలు అసలే వద్దు, వాటివల్ల కాలేయం దెబ్బతిని పచ్చకామెర్లతో వచ్చినవాళ్లని నేను స్వయంగా చూశాను.

ఆయనతో ఎలా మాట్లాడాలి అన్నది మీకే ఎక్కువ తెలుసు, అయినా ఒక మాట. "పొట్ట తగ్గించు నాన్నా" అని భోజనం దగ్గర అనకండి, తినే మనిషికి ముద్ద దిగదు, మీ మీద కోపం వస్తుంది, మర్నాడు ఇంకో ముద్ద ఎక్కువ తింటారు. ఆదివారం పొద్దున టిఫిన్‌కి ముందు మీరే ముందు చొక్కా ఎత్తి టేపుతో కొలుచుకుని క్యాలెండర్ మీద రాసుకోండి, తర్వాత టేపు ఆయనకివ్వండి. నెలకి ఒక్కసారి, అదే తేదీన, ఇద్దరివీ. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, రక్తంలో కొవ్వులు చూసే లిపిడ్ ప్రొఫైల్, లివర్ పరీక్ష, బీపీ ఇప్పుడోసారి చూపించి మూడు నెలలకి మళ్లీ చూపించండి. నాయనమ్మగారిని ఈ వారం తీసుకెళ్తున్నారు కాబట్టి అదే ప్రయాణంలో నాన్నగారి రక్తం కూడా ఇప్పించేయండి. పరగడుపున వెళ్లాలి. ఆవిడ రిపోర్టులు వచ్చాక ఇక్కడ రాయండి, చూస్తాను.